కళ్ళు గీయనివాడు

మా ముత్తాత మల్లపరాయుడు. ఇంద్రావతికి దక్షిణాన ఆయన ఇలాకా ఎక్కడ ముగుస్తుందో ఆయన మనుషులకే సరిగ్గా తెలిసేది కాదు. ఆయన కొడుకు కేశవరాయుడు, మా తాత. జగదల్‌పూర్ దసరాకు సొంత నగారా మోగించుకుంటూ వెళ్ళే హక్కు మా వైపు ఇలాకాదార్లలో ఆయనకే ఉండేది. తాత పెద్దకొడుకు రాఘవరాయుడు, మా పెదనాయన. మా వాకిట్లోకి గుర్రం దిగకుండా వచ్చిన పోలీసు జమాదారును ఆయన పొలిమేర దాకా వెనక్కి పంపి, అక్కణ్ణుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచి రమ్మన్నాడు. జమాదారు నడిచి వచ్చాడు.

ఈ ముగ్గురిలో ఇద్దరి ముఖాలు ఎలా ఉండేవో ఇవాళ చెప్పగలవాళ్ళు లేరు. పెదనాయనకు మాత్రం ఒక ఫోటో ఉంది. అది ఆయన పోయాక తీసింది.

తీసినవాడి పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు. అతనికి పేరు పెట్టి పిలిస్తే నచ్చేది కాదు. "ఫోటోగ్రాఫరు గారూ" అనాలి. మా ఊళ్ళోవాళ్ళు "పటాలాయన" అనేవాళ్ళు. అలా పిలిస్తే పలికేవాడు కాదు. రెండోసారి పిలిస్తే, "పటాలు మేకుకి తగిలిస్తారండి. నేను మేకుల వ్యాపారం చెయ్యను" అనేవాడు.

అతను మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం బచేలిలో ఒక కుర్రవాడు. నేను ఇప్పుడు అక్కడి ఇనుపగని క్వార్టర్లలో మా మేనకోడలి దగ్గర ఉంటున్నాను. ఆసుపత్రి కార్డుకు ఫోటో కావాలంటే పోయిన నెల బజారులో స్టూడియోకు వెళ్ళాను. దీపం వెలిగింది, నేను కన్ను ఆర్పాను.

"ఆంఖ్ బంద్ అయిపోయింది దాదాజీ," అన్నాడు కుర్రవాడు. "ఫికర్ లేదు. నెగెటివ్ మీద నేను బనాయిస్తా. పెన్సిల్‌తో ఇట్లొక చుక్క, అట్లొక చుక్క. మీ ఇంట్లోవాళ్ళు కూడా పోల్చలేరు."

నేను లేచి వచ్చేశాను. మేనకోడలు కోప్పడింది. కార్డు ఇప్పటికీ రాలేదు.

బస్తర్ ఇంకా రాజావారి కింద ఉన్న రోజుల్లో, ఎండలు ముదరకముందు ఏటా ఒకసారి, ఆ మనిషి గోదావరి దాటి తర్లగూడ మీదుగా ఎడ్లబండిలో మా ఊరు వచ్చేవాడు. బండిలో ఒక రేకుపెట్టె, మూడుకాళ్ళ స్టాండు, గడ్డిలో చుట్టిన గాజుపలకలు. కెమెరా మాత్రం బండిలో ఉండేది కాదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. రేకుపెట్టె మీద తెల్లరంగుతో 'ఫోటోగ్రాఫర్' అని తనే రాసుకున్నాడు. రంగు ఊడినచోట ప్రతి ఏడూ మళ్ళీ దిద్దేవాడు. మందునీళ్ళకు అతని వేళ్ళు గోళ్ళ దాకా నల్లబడి ఉండేవి. అన్నానికి కూర్చునే ముందు ఎంతసేపు తోముకున్నా ఆ నలుపు పోయేది కాదు. మా వంటామె అతని విస్తరి విడిగా వేసేది.

మాటల్లో మాత్రం అంత అబద్ధాలకోరును నేను చూడలేదు. రాజమండ్రిలో అతని మేడ స్టూడియో ఒక ఏడు వరదలో పోయేది, ఇంకో ఏడు తమ్ముడు కాజేసేవాడు. ఎవరో లాటుదొర చంపిన పులిని తానే ఫోటో తీశానని చెప్పేవాడు. ఆ పులి ఏటా పెరిగేది.

"ఈ ఏడు ఎంతయిందయ్య పులి?" అని పెదనాయన అడిగేవాడు.

"తోకతో కలిపి పన్నెండడుగులండి."

"నిరుడు తొమ్మిదే అంటివి గద."

"నిరుడు తోక ముడుచుకుని ఉందండి."

పెదనాయన అంత గట్టిగా నవ్వేది ఇతని మాటలకే. అయినా తను మాత్రం ఫోటోకు కూర్చోలేదు. ఎందుకు కూర్చోరని అతను అడిగితే, "నన్ను కదలొద్దనేటోడు ఈ రాజ్యంల ఒక్క రాజావారే. నువ్వు గాదు" అన్నాడు.

వెలుతురును ఎంతసేపు లోపలికి రానివ్వాలో అతను అంకెలతో లెక్కపెట్టేవాడు కాదు. కెమెరా కంటికి ఉన్న మూత తీసి, గోదావరి మీద పడవ ఆగే రేవుల పేర్లు కిందనుంచి పైకి చెప్పేవాడు. మంచి ఎండ ఉంటే "రాజమండ్రి, పట్టిసీమ" అని మూత పెట్టేసేవాడు. మబ్బు పడితే పోలవరం, దేవీపట్నం దాకా వెళ్ళేవాడు. ఎదుట కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి తమ పడవ ఏ రేవులో ఆగుతుందా అని చూసేవాళ్ళు.

మచ్చలు చెరిపేవాడు. అడిగితే ఆడవాళ్ళ మెడలో లేని గొలుసు కూడా వేసేవాడు. కన్ను మాత్రం ముట్టేవాడు కాదు. ఒకసారి భోపాలపట్నం బట్టల వ్యాపారి మా కచేరీ అరుగు మీద కూర్చుని తీయించుకున్నాడు. పలక కడిగి చూస్తే ఆయన కళ్ళు మూతపడి ఉన్నాయి.

"ఆ రెండు కండ్లు గీసెయ్యి. నాకు సంతకు పొద్దుపోతాంది," అన్నాడు వ్యాపారి.

"మళ్ళీ కూర్చోండి."

"ఏందయ్య నీతోని! జగదల్‌పూర్‌ల ఆయన మా బామ్మర్దికి గీసిచ్చిండు. దొరబాబులెక్క ఉన్నడు."

అతను ఆ గాజుపలక మీది బొమ్మను వ్యాపారి చూస్తుండగానే గోటితో గీకి, నీళ్ళతో కడిగేశాడు. ఇక మళ్ళీ కూర్చోక తప్పలేదు. వ్యాపారి తిట్టుకుంటూ వెళ్ళాక నేను అడిగాను: "లేని గొలుసు వేస్తావు. లేని కన్ను వెయ్యడానికేం?"

"గొలుసంటారా బాబుగారూ, ఇవాళ లేకపోతే రేపు చేయించుకుంటుందండి ఆవిడ. కన్ను తెరిచినప్పుడు నేనక్కడ ఉండాలి కదండీ. ఫోటోగ్రాఫరంటే ఏవిటనుకుంటున్నారు? అప్పుడు అక్కడ ఉన్నవాడు. అంతే. మిగతాదంతా వడ్రంగం."

ఆ మాటను అప్పుడు నేను అతని గొప్పలలో ఒకటిగా లెక్కేశాను.

నాకు ఇరవయ్యేళ్ళు దాటిన ఏడు పెదనాయన మంచం పట్టాడు. ఆయనకు పిల్లలు లేరు. తమ్ముడి కొడుకునైన నన్నే దత్తత చేసుకుంటాడని ఇలాకాలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. అయితే అందరికీ తెలిస్తే చాలదు. కొడుకు లేకుండా ఇలాకాదారు పోతే, తమ్ముడున్నా సరే, ఇలాకా సర్కారు చేతికి పోతుంది. దత్తత ఆయన బతికుండగా జరిగిందని దీవాను కచేరీకి చూపించాలి. మా సాక్షులందరూ మా ఉప్పు తిన్నవాళ్ళే కాబట్టి వాళ్ళ మాట నిలవదని, ఆయన చెయ్యి నా తల మీద ఉన్నట్టు ఫోటో ఉంటే ఎదురుండదని వకీలు చెప్పాడు. పెదనాయన చాలాసేపు ఆలోచించి, "ఆ పులులోణ్ణి పిలువుండ్రి" అన్నాడు.

అది వానాకాలం. కబురు అందుకుని అతను వెంటనే బయల్దేరాడు. గోదావరి దాటాడు గానీ ఇవతల వాగులు పొంగి దారిలో ఆగిపోయాడు. అతని కోసం మేము దత్తత ముహూర్తాన్ని వెనక్కి జరుపుతూ వచ్చాం. చివరికి అతను మా వాకిట్లో కిరాయిబండి దిగిన ఉదయమే, తెల్లవారుతుండగా, పెదనాయన పోయాడు.

మా నాయన ఎవరినీ ఏడవనివ్వలేదు. పెద్దమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేయించాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉండటం నేను చూశాను. పెదనాయనకు జరీ పాగా చుట్టి, పొడుగుకోటు తొడిగి, పెద్ద హాలులో కుర్చీలో కూర్చోబెట్టారు. కోటు లోపలినుంచి నడుముకు గుడ్డ కట్టి కుర్చీకి బిగించారు. ఊళ్ళోకి ఈ వార్త పొక్కితే అంతా అయిపోయినట్టే. దహనం సాయంత్రం దాటనివ్వకూడదు. శరీరం అప్పటికే బిగుసుకుంటోంది.

"పెదదొరకు పాణం బాగలేదు," అన్నాడు నాయన అతన్ని లోపలికి తీసుకొచ్చి. "కూసోబెట్టినం. జెప్పన కానియ్యి."

ఎవరిని ఫోటో తీసినా అతను ముందు దగ్గరికి వచ్చి, రెండు వేళ్ళతో గడ్డం ఎత్తి వెలుతురుకు తిప్పేవాడు. ఆ రోజూ వచ్చాడు. వేళ్ళు గడ్డానికి తగిలాయి. తగిలి, అక్కడే ఆగిపోయాయి. హాలులో నాయన, నేను, తుపాకీ పట్టుకున్న మా జవాను, కుర్చీ వెనక ఇద్దరు నౌకర్లు ఉన్నాం. బయట వాన పడుతోంది.

"కళ్ళండీ?" అన్నాడు చివరికి, నాయన వైపు తిరగకుండానే.

"అద్దం మీద గీస్తరట గద మీవోళ్ళు. నువ్వు గియ్యి."

"గీసేవాళ్ళు ఉన్నారండి."

"ఉంటే గియ్యి మరి. ఏంది చూస్తవు?"

అతను స్టాండు నిలబెట్టాడు. నల్లగుడ్డలో చాలాసేపు ఉన్నాడు. నేను పెదనాయన పాదాల ముందు మోకరిల్లాను. నౌకరు ఆయన చెయ్యి పట్టుకుని నా తల మీదికి దింపాడు. ఆ చేతికి అంత బరువు ఉంటుందని నేను అనుకోలేదు.

"అందరూ ఊపిరి బిగబట్టండి," అన్నాడు అతను. మూత తీశాడు. "రాజమండ్రి. పట్టిసీమ. పోలవరం."

కిటికీల్లో వెలుతురు బూడిదలా ఉంది. దేవీపట్నం అన్నాడు. కూనవరం అన్నాడు. నా పక్కన నిలబడ్డ నాయన ఊపిరి నాకు వినిపిస్తోంది. భద్రాచలం. అక్కడితో ఆగుతాడనుకున్నాను. పడవ వెళ్ళని రేవుల పేర్లు కూడా అతను చెప్పాడు. అప్పుడు మూత పెట్టాడు.

ధాన్యపు గది కిటికీలకు గోనెలు కుక్కి అతనికి చీకటి గది చేశారు. కాపలాగా నాయన నన్ను కూడా లోపలికి పంపి, తను గడప బయట పీట వేసుకుని కూర్చున్నాడు. ఎర్ర అద్దం లాంతరు వెలుతురులో అతను పలకను మందునీళ్ళలో ఊపాడు. బొమ్మ మెల్లగా తేలింది. నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా. దాన్ని నా వైపు వంచాడు.

"చూశారా బాబుగారూ. మీరు కదిలారు. మీ నాయనగారూ కదిలారు. జవాను మీసం చెదిరిపోయింది. ఊపిరున్నవాడు ఎంత బిగబట్టినా కదులుతాడండి. ఇదుగో, ఈ ఒక్కరే కదల్లేదు. కోటు గుండీకున్న దారం కూడా కనిపిస్తోంది."

నిజమే. మేమంతా కాస్త చెదిరి ఉన్నాం. పెదనాయన మాత్రం రాతి మీద చెక్కినట్టు ఉన్నాడు.

"కళ్ళు గీసినా లాభం లేదండి. ఫోటో తెలిసినవాడు కళ్ళవంక చూడడు."

నేను మా వంశంవాణ్ణి. నేను కూడా ఆలోచించగలను. "నీ దగ్గర మెరుపు పొడి ఉంది," అన్నాను. మునుపటి ఏడు అతను దాన్ని అంటించి మా ఆడవాళ్ళను కేకలు పెట్టించాడు. ఒక్క మెరుపులో ఫోటో అయిపోతుంది. కదిలే వ్యవధి ఎవరికీ ఉండదు. "దానితో ఇంకోటి తియ్యి. అప్పుడు అందరం ఒక్క తీరుగా ఉంటాం. తరవాత కళ్ళు గియ్యి."

అతను నా వైపు చూశాడు. అంత త్వరగా నాకు తడుతుందని అనుకోలేదేమో. రేకుపెట్టె తెరిచి, పొడి ఉన్న డబ్బా తీశాడు. మూత విప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అతను ఆ పొడినంతా పలకలు కడిగే నీళ్ళ తొట్టిలో గుమ్మరించాడు.

"ఇప్పుడు లేదండి," అన్నాడు.

నేను తొట్టిలో చెయ్యి పెట్టాను, తడి ముద్ద తప్ప ఏమీ తగల్లేదు.

"చేతకాక కాదు బాబుగారూ. వాగు పొంగింది, నేను రాలేకపోయాను. ఆయన మీ నెత్తిన చెయ్యి పెట్టినప్పుడు నేనిక్కడ లేను. లేనిచోట ఉన్నానని నోటితో ఎన్నయినా చెబుతానండి, మీరు వింటూనే ఉన్నారు. దీంతో చెప్పను."

"అందరికీ తెలిసిందే కదా! ఆయన చెయ్యాలనుకున్నదే కదా!"

"నాకూ తెలుసండి. నేను ఏ కచేరీలోనైనా వచ్చి నోటితో చెబుతాను. పలక మీద మాత్రం రాదు."

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాస్తున్నాను. మేము అతన్ని అబద్ధం చెప్పమనలేదు. ఒక పూట ఆలస్యమైన నిజాన్ని నిలబెట్టమన్నాం. మూడు తరాల ఇల్లు ఆ పూట మీద ఆధారపడి ఉంది. అతని చేతిలో పని అది. చెయ్యలేదు. అప్పుడూ ఇప్పుడూ నా అభిప్రాయం ఒకటే.

నేను బయటికి వచ్చి నాయనకు అంతా చెప్పాను. కదలడం గురించి కూడా చెప్పాను. "కండ్లుంటే సాలు," అన్నాడు నాయన. "కచేరోళ్ళు కండ్లు చూస్తరు. ఊపిరెవడు చూస్తడు?" పలకను అతని చేతిలోంచి తీసుకుని జాగ్రత్తగా తువ్వాలులో చుట్టి నాకు ఇచ్చాడు. తరవాత జవాను తుపాకీ అందుకుని, దాని మడమతో కెమెరాను మూడుసార్లు కొట్టాడు. గాజుకన్ను మొదటి దెబ్బకే పోయింది.

అతను అడ్డం రాలేదు. అరవలేదు. స్టాండు మడిచి చంకన పెట్టుకున్నాడు. రేకుపెట్టె నెత్తికెత్తుకుని, అప్పటికి పూర్తిగా తగ్గని వానలో తర్లగూడ బాట పట్టాడు. మా వాళ్ళెవరూ అతనికి బండి కట్టలేదు. అతను అడగలేదు.

జగదల్‌పూర్‌లో బొమ్మలేసే ఒకతను ఆ పలక మీద కళ్ళు గీసి ఇచ్చాడు. బాగానే గీశాడు. నాయన, నేను దాన్ని పట్టుకుని దీవాను కచేరీకి వెళ్ళాం. బల్ల అవతలి అధికారి ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. ముందు జవానును చూశాడు, తరవాత నాయనను, తరవాత నన్ను. పెదనాయన ముఖం మీద వేలు పెట్టాడు.

"ఇస్ మే ఏక్ ఆద్మీ నహీ హిలా," అన్నాడు. ఇందులో ఒక మనిషి కదల్లేదు అని. ఇంకేమీ అడగలేదు.

ఇలాకా సర్కారు చేతికి పోయింది. లోగిలి, ఇంటి వెనక పొలం మాకు వదిలారు. నాయన రెండేళ్ళు కూడా బతకలేదు.

అతన్ని మళ్ళీ ఒక్కసారే చూశాను, ఎర్రబోరు సంతలో. నేను ఒక కలప వ్యాపారిని కలవడానికి అంత దూరం వెళ్ళాను. మా వైపు వ్యాపారులతో బేరం ఆడటం నాకు ఇష్టం లేకపోయింది. చింతపండు కుప్పల మధ్య ఒక షావుకారు కాటా దగ్గర జనం నవ్వుతున్నారు. మధ్యలో అతను నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చింతపండు తూస్తున్నాడు. వేళ్ళ మీద నలుపు పోయింది. అది చూశాకే అతని దగ్గర ఇక కెమెరా లేదని నాకు అర్థమైంది.

"మల్ల చెప్పు, మల్ల చెప్పు," అంటున్నాడు ఒక బండివాడు. "ఏంది నువ్వు?"

"ఫోటోగ్రాఫర్ని."

"పెట్టె ఏది? నల్లగుడ్డ ఏది? ఏం తీస్తవయ్య నువ్వు, చింతగింజలా?"

జనం ఘొల్లుమన్నారు. షావుకారు కూడా నవ్వాడు. "పులిని గూడ తీసిండంట, పదిహేనడుగులు!"

"పెట్టెలు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారండి," అన్నాడు అతను కాటా సరిచూస్తూ.

అప్పుడు నన్ను చూశాడు. ఒక కన్ను మూసి, ఎప్పటిలాగే, వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసినట్టు చూశాడు. దండం పెట్టలేదు. నన్ను పిలవలేదు. ఆ షావుకారుకు మా ఇంటి సంగతి కొంత తెలుసు. కాటా దగ్గరి మనిషి ఎవరిని చూస్తున్నాడో గమనించి నా వైపు తిరిగాడు.

"దొరా, గీయన మీ దిక్కు తిరిగేటోడినని చెప్తడు. అబద్ధాలోడు. మీరు చెప్పుండ్రి, గీయన ఫోటోగ్రాఫరేనా?"

జనం నా నోటివైపు చూశారు. అతను చూడలేదు. కాటా తట్టలోని చింతపండు మీద చెయ్యి పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. కాదని ఒక్క మాట అంటే చాలు. ఆ సంతలో అతనికి మిగిలింది ఆ ఒక్క పేరే. దాన్ని తీసేసే అధికారం ఆ పూట నా చేతిలో ఉంది. మా ఇల్లు అతని చేతిలో ఉన్న రోజు కూడా నాకు గుర్తుంది.

"ఫోటోగ్రాఫరే," అన్నాను.

"మీరు చూసిండ్రా దొరా?"

"చూసిన. నేనక్కడ్నే ఉన్న."

నవ్వులు ఆగిపోయాయి. క్షమించి అన్న మాట కాదు అది. నేను అతన్ని క్షమించలేదు. అడిగారు, తెలిసింది చెప్పాను. అతను తల ఎత్తి, "ఎవరండీ తరవాత, తట్ట పెట్టండి" అన్నాడు బండివాడితో. గొంతు మామూలుగానే ఉంది. నేను కలప వ్యాపారి కొట్టు వైపు నడిచాను.

ఆ ఎండాకాలం మా లోగిలి టేకు దూలాలు, తలుపులు, ద్వారబంధాలు ఊడదీయించి ఆ వ్యాపారికి అమ్మేశాం. గోడలను ఎవరూ కొనలేదు.